వడ్రంగి చీమలను పెంచడమంటే ఏం పెంచడం?

వడ్రంగి చీమల పెంపకం మొదలుపెట్టేవాళ్ల చేతికి మొదట వచ్చేది ఒక టెస్ట్ ట్యూబ్. ఒక చివర కాసిని నీళ్లు, ఆ నీళ్లు ఇవతలికి రాకుండా బిగించిన దూది, ఆ తడి దూదిని ఆనుకుని ఒకే ఒక్క రాణి చీమ, మూతి దగ్గర మరో దూది ఉండ. అంతకుమించి ఏమీ ఉండదు. తిండి పెట్టక్కర్లేదు, వెలుతురు తగలనివ్వకూడదు, మాటిమాటికీ తీసి చూడకూడదు. రెండు నెలల దాకా మనం చేయాల్సిన పనేమీ లేకపోవడమే కొత్తవాళ్లకు పెద్ద పరీక్ష. రోజూ ట్యూబ్ పైకెత్తి దీపానికి ఎదురుగా పెట్టి చూస్తుంటే, ఆ టెన్షన్‌కి రాణి తను పెట్టిన గుడ్లను తనే తినేయవచ్చు.

ఈ హాబీలో సలహాలకు కొదవ లేదు. తేనె పెట్టమని ఒకరంటారు, వద్దని ఇంకొకరంటారు. గూడు తడిగా ఉంచమంటారు కొందరు, ఆ తడి వల్లే తమ చీమలు చచ్చాయంటారు మరికొందరు. చలికాలంలో ఫ్రిజ్‌లో పెట్టాలని ఒక మాట, పెడితే చంపినట్టేనని ఇంకో మాట. వీళ్లలో చాలామంది చెప్పేది వాళ్ల వాళ్ల చీమల విషయంలో నిజమే కూడా. చిక్కంతా మనం చీమను దృష్టిలో పెట్టుకుని ఆలోచించడంలో ఉంది. కుక్కనో చేపనో పెంచితే ఆ ఒక్క ప్రాణి ఆకలి, జబ్బు, వయసు చూసుకుంటే సరిపోతుంది. ఇక్కడ మనం పెంచే ప్రాణి కాలనీ. తిండి తెచ్చేది ఒకరు, అరిగించేది ఇంకొకరు, గుడ్లు పెట్టేది మరొకరు. ఇది మనసులో పెట్టుకుని చూస్తే, ఒకదానికొకటి పొసగని సలహాలు చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి.

ముందుగా ఈ చీమల గురించి కాస్త. వీటి ప్రజాతి పేరు కాంపోనోటస్. 1861లో ఆస్ట్రియా శాస్త్రవేత్త గుస్టావ్ మయర్ పెట్టిన పేరు ఇది. వెయ్యికి పైగా జాతులున్నాయి, అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ కనిపిస్తాయి. మనం గండుచీమలని పిలిచేవాటిలోనూ ఈ ప్రజాతివి ఉన్నాయి. ఇవి చెక్కను తింటాయన్నది అపోహ. చెక్కను తిని అరిగించుకునేవి చెదలు. వడ్రంగి చీమలు చెక్కను తొలిచి దారులు చేసుకుంటాయి, రాలిన పొట్టును బయటికి తెచ్చి పారబోస్తాయి. పైగా ఇన్ని జాతుల్లో అన్నీ చెక్కలో ఉండవు. మట్టిలోనూ రాళ్ల కిందా ఉండేవి బోలెడు. కాబట్టి వీటిని పెంచడానికి చెక్క గూడు అక్కర్లేదు. నన్నడిగితే పెట్టకపోవడమే మంచిది. ఇష్టమొచ్చినట్టు తొలుచుకుంటూ లోపలికి పోతాయి, మనకు చూడటానికి ఏమీ మిగలదు.

రాణి తెచ్చుకున్న పొదుపు

జతకట్టే కాలం వచ్చినప్పుడు రెక్కలున్న ఆడ చీమలు, మగ చీమలు గూళ్లలోంచి బయటికొచ్చి ఎగురుతాయి. జతకట్టాక మగవి ఎక్కువ రోజులు బతకవు. వాటి వీర్యం మాత్రం రాణి పొట్టలోని ఒక చిన్న సంచిలో ఏళ్ల తరబడి సజీవంగా ఉంటుంది. ఆ రాణి మళ్లీ జన్మలో జతకట్టదు. గుడ్డు పెట్టేటప్పుడు ఆ సంచిలోంచి వీర్యం కలిస్తే ఆడ చీమ, కలవకపోతే మగ చీమ పుడతాయి. జతకట్టని రాణి కూడా గుడ్లు పెట్టగలదు, కానీ వాటిలోంచి వచ్చేవన్నీ మగవే. అందుకే రెక్కలు రాలిపోయినంత మాత్రాన అది కాలనీ పెట్టగల రాణి అని నమ్మడానికి లేదు. తిండి తెచ్చి, పిల్లల్ని పెంచే శ్రామిక చీమలన్నీ ఆడవే, కాబట్టి మొదటి శ్రామిక చీమ కంటపడ్డ రోజే ఆ అనుమానం తీరుతుంది.

నేల మీదికి దిగిన రాణి తన రెక్కలు తానే విరుచుకుంటుంది. ఒక పగులులోనో తొర్రలోనో దూరి దారి మూసేసుకుంటుంది. ఇక ఎగిరే పని లేదు కాబట్టి, దాని ఛాతీ భాగమంతా నిండి ఉన్న రెక్కల కండరాలు కరగడం మొదలవుతుంది. ఆ కండరం, ఒంట్లోని కొవ్వు కలిసి మొదటి పిల్లల తిండి అవుతాయి. పెట్టిన గుడ్లలో కొన్ని కూడా తిండి కిందికే పోతాయి. అడవిలోనైనా టెస్ట్ ట్యూబ్‌లోనైనా ఈ జాతుల రాణి మొదటి పిల్లలు బయటపడేదాకా మేతకు వెళ్లదు. మనం ట్యూబ్‌లో వేసే తేనె చుక్క దానికి అవసరం లేదు. కొన్ని రాణులు తాగుతాయి, నిజమే. కానీ మూసిన ట్యూబ్‌లో తీపి ఉంటే బూజు పడుతుంది, అంత చిన్న చోట బూజు పడితే రాణికి తప్పుకునే దారి ఉండదు. పెట్టకపోతే పోయేదేమీ లేదు, పెడితే పోయే అవకాశం ఉంది. అందుకని పెట్టవద్దనేవాళ్ల పక్షమే నాది.

గుడ్డు నుంచి చీమ దాకా ఆరు నుంచి పది వారాలు పడుతుంది. వెచ్చగా ఉంటే త్వరగా, చల్లగా ఉంటే ఆలస్యంగా. ఈ దశల్ని భూతద్దంతో చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పురుగులాంటి పిల్ల, అంటే లార్వా, నోటితో దారం తీసి తన చుట్టూ పట్టుగూడు అల్లుకుంటుంది. గోధుమ రంగు గింజలా ఉండే ఆ గూటికి ఒక కొసన నల్లటి చుక్క ఉంటుంది. లార్వాగా ఉన్నన్నాళ్లూ దాని పేగుకు అవతలి వైపు దారి ఉండదు. తిన్నదాని వ్యర్థమంతా లోపలే ఉండిపోయి, పట్టుగూడు అల్లుకున్నాక ఒక్కసారిగా బయటపడుతుంది. ఆ నల్ల చుక్క అదే. చుక్క కనిపించిందంటే లోపల ప్యూపా (లార్వాకూ చీమకూ మధ్య దశ) తయారవుతోందని ధైర్యంగా ఉండొచ్చు. సమయం వచ్చినప్పుడు లోపలి చీమ సాధారణంగా తనంతట తాను బయటికి రాదు. బయట ఉన్నవాళ్లు దవడలతో గూటిని కత్తిరించి లాగాలి. మొదటి పట్టుగూళ్ల విషయంలో ఆ మంత్రసాని పని రాణిదే. బయటపడ్డ కొత్త చీమ పాలిపోయి, తడబడుతూ ఉంటుంది. అసలు రంగు రావడానికి కొన్ని రోజులు పడుతుంది.

మొదటి శ్రామికులు బాగా చిన్నగా ఉంటాయి. ఇది జబ్బు కాదు. రాణి దగ్గరున్న పొదుపు అంతే, దాంతో నాలుగు పెద్ద చీమల్ని చేయడం కంటే పది చిన్న చీమల్ని చేస్తే పని జరుగుతుంది. అవి బయటికి రాగానే రాణి పిల్లల పెంపకం వాళ్లకు వదిలేసి, మిగిలిన జీవితమంతా గుడ్లు పెట్టడానికే పరిమితమవుతుంది. మనం తిండి పెట్టడం మొదలుపెట్టాల్సింది ఆ రోజు నుంచి.

ఇక కదిలించడం సంగతి. చీమలకు గాలిలోని శబ్దం కన్నా కాళ్ల కింద నేల అదురు బాగా తెలుస్తుంది. ఐరోపాలోని కాంపోనోటస్ హెర్క్యులియానస్, కాంపోనోటస్ లిగ్నిపెర్డా అనే జాతుల్లో, అపాయం వస్తే శ్రామికులు దవడలతోనూ పొట్టతోనూ చెక్కను టకటకా కొట్టి ఆ అదురుతోనే గూడంతటికీ హెచ్చరిక పంపుతాయి. అంటే అదురు వాటి భాషలో ప్రమాదం. వాషింగ్ మెషీన్ పక్కనో స్పీకర్ ఉన్న బల్ల మీదో పెట్టిన కాలనీ రోజంతా హెచ్చరిక వింటున్నట్టే లెక్క.

అందరికీ కలిపి ఒకే కడుపు

నా దృష్టిలో ఈ హాబీలో నేర్చుకోవాల్సిన అసలు పాఠం తిండి దగ్గరే ఉంది.

పంచదార నీళ్ల చుక్క ఒకటి పెట్టి, దాని దగ్గరికి వచ్చిన చీమను గమనించండి. తలవంచి కదలకుండా తాగుతుంది. తాగేకొద్దీ దాని పొట్ట ఉబ్బి, పొట్ట మీది నల్లటి పలకలు ఒకదానికొకటి దూరం జరుగుతాయి. వాటి మధ్యనున్న పల్చటి పొర సాగి, లోపలి ద్రవం వెలుతురుకు మెరుస్తూ చారలు చారలుగా కనిపిస్తుంది. ఆ తీపి ఇంకా దాని కడుపులోకి వెళ్లలేదు. అసలు కడుపుకు ముందు ఇంకో సంచి ఉంటుంది, ద్రవం నిలవ ఉండేది అందులో. మధ్యనున్న కవాటం తెరుచుకుంటేనే కొంచెం కొంచెంగా తన సొంత కడుపులోకి పోతుంది. గూటికి వెళ్లాక ఇంకో చీమ ఎదురై మీసాలతో దాని తలను తడుతుంది. రెండూ నోరూ నోరూ కలుపుతాయి, ఆ మధ్యలో ఒక మెరిసే బొట్టు కనిపిస్తుంది. ఆ బొట్టు అందుకున్న చీమ ఇంకొకరికి ఇస్తుంది. మేతకు పోయింది ఒకటీ రెండూ అయినా, కాసేపట్లో తీపి గూడంతా చేరుతుంది.

ఆ బొట్టులో తిండి ఒక్కటే లేదు. 2016లో స్విట్జర్లాండ్‌లోని లూసాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కాంపోనోటస్ ఫ్లోరిడానస్ అనే జాతి చీమల నుంచి ఈ ద్రవాన్ని తీసి పరీక్షించారు. పోషకాలతో పాటు ప్రొటీన్లు, జన్యువుల పనిని అదుపుచేసే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు, ఎదుగుదలను నడిపే జువెనైల్ హార్మోన్ కూడా అందులో ఉన్నాయి. ఆ హార్మోన్ అదనంగా అందిన శ్రామికులు పెంచిన లార్వాలు ఎక్కువ సంఖ్యలో పెద్దవయ్యాయి. మన ఒంట్లో రక్తం చేసే పనిలో కొంత, ఈ కాలనీలో నోటి నుంచి నోటికి మారే ఆ బొట్టు చేస్తోందన్నమాట.

గట్టి తిండి కథ వేరు. ఎదిగిన చీమలకు నడుం సన్నం, గట్టి ముక్కలు మింగలేవు. నోటి కింద చిన్న జేబులాంటిది ఒకటి ఉండి, నలిపిన తిండిలోని నలుసుల్ని పట్టేస్తుంది. ఆ నలుసులు ఉండగట్టాక చీమ దాన్ని ఉమ్మేస్తుంది. గూటి చెత్త మూలలో కనిపించే చిన్న చిన్న ఉండలు అవే. మాంసాన్ని అరిగించే పనిలో పెద్ద భాగం లార్వాలది. పురుగుల నుంచి వచ్చే ప్రొటీన్ కూడా ముఖ్యంగా వాటికే కావాలి, ఆ తర్వాత గుడ్లు పెట్టే రాణికి. శ్రామికులకు రోజువారీ బతుకు తీపి మీదే గడిచిపోతుంది.

ఇది తెలిస్తే కొత్తవాళ్లు తరచూ అడిగే ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. "పురుగు పెడితే ముట్టుకోవడం లేదు, జబ్బు చేసిందా?" లార్వాలు ఉన్నాయో లేదో చూడండి. అన్నీ పట్టుగూళ్లలోకి వెళ్లిపోయిన వారంలో కాలనీకి మాంసం అక్కర్లేదు. లార్వాలు బలిసే రోజుల్లో అదే కాలనీ పురుగును క్షణాల్లో లోపలికి లాక్కుపోతుంది. కాబట్టి ప్రొటీన్ ఎంత పెట్టాలన్నది చీమల్ని లెక్కపెట్టి తేల్చేది కాదు, లార్వాల్ని చూసి తేల్చాలి. తిననిది మర్నాటికల్లా తీసేయాలి. తీపి మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండొచ్చు, మంచినీళ్లు అయితే ఉండి తీరాలి.

ఒకే కడుపు అంటే ఒకే విషం కూడా. తోటలో దొరికిన పురుగు ఒంటి మీద కీటకనాశిని ఉంటే అది ఒక చీమతో ఆగదు, బొట్టు బొట్టుగా రాణి దాకా పోతుంది. మందు కలిపిన ఎరలతో చీమల్ని నిర్మూలించేవాళ్లు వాడుకునేది సరిగ్గా ఈ పద్ధతినే. అందుకే పెంచిన పురుగుల్నే కొనడం మేలు. వాటినైనా ఫ్రీజర్‌లో పెట్టో, వేడినీళ్లలో ముంచో ఇస్తే వాటి ఒంటి మీది మైట్లు (నలుసంత పరాన్నజీవులు) కాలనీలోకి రావు.

ఈ కడుపులో ఇంకో భాగస్వామి కూడా ఉంది. 1880లలో జర్మన్ జంతుశాస్త్రవేత్త ఫ్రెడరిక్ బ్లాక్‌మన్ ఈ చీమల కణాల లోపల బాక్టీరియాలను చూశాడు. ఆయన పేరు మీదే వాటిని బ్లాక్‌మానియా అంటున్నారు. పేగు గోడలోని ప్రత్యేక కణాల్లోనూ, రాణి అండాశయంలోనూ ఉంటాయి. గుడ్డు ద్వారా తల్లి నుంచి పిల్లకు వస్తాయి. 2003లో వీటి జన్యుక్రమాన్ని పూర్తిగా చదివారు. సుమారు 7 లక్షల డీఎన్‌ఏ అక్షరాలు మాత్రమే ఉన్న చిన్న జన్యుక్రమం. బయట బతకడానికి కావాల్సిన చాలా జన్యువులు పోయాయి, కానీ చీమకు కావాల్సిన అమైనో ఆమ్లాలు, అంటే ప్రొటీన్లకు ముడిసరుకు, తయారుచేసేవి మిగిలాయి. తీపి నీళ్ల మీద ఎక్కువగా బతికే చీమకు ప్రొటీన్ లోటు కొంత తీరేది ఇలాగే. యాంటీబయోటిక్‌తో ఈ బాక్టీరియాలను తగ్గించి చూసిన ప్రయోగంలో, ఆ శ్రామికులు పిల్లల్ని ప్యూపా దశ దాకా తీసుకురావడంలో వెనకబడ్డాయి. చీమలకు జబ్బు చేసిందనుకుని ఏ మందో కలిపి పెట్టాలన్న ఆలోచన వస్తే ఈ ప్రయోగాన్ని గుర్తు తెచ్చుకోండి.

వైద్యం వాళ్లదే, శుభ్రం వాళ్లదే

చాలా రకాల చీమలకు ఛాతీ వెనక భాగంలో సూక్ష్మజీవుల్ని చంపే ద్రవం ఊరే గ్రంథి ఒకటి ఉంటుంది. వడ్రంగి చీమల్లో చాలా జాతులకు అది లేదు. మరి వేల మంది తడిగా, వెచ్చగా, ఇరుకుగా ఉండే చోట జబ్బులు రాకుండా ఎలా? వీటికి కొండి లేదు. పొట్ట చివరనున్న రంధ్రంలోంచి ఫార్మిక్ యాసిడ్ చిమ్ముతాయి. ఆ యాసిడ్ శత్రువు మీద కొట్టడానికే కాదని 2020లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. తిన్న తర్వాత ఈ చీమలు పొట్ట చివరను నాకి ఆ యాసిడ్‌ను మింగుతాయి. దాంతో తిండి సంచిలో ఆమ్లత పెరిగి, తిండితో వచ్చిన హానికర సూక్ష్మజీవులు చాలావరకు అక్కడే చస్తాయి. అందరి తిండీ నిలవ ఉండే సంచి కాబట్టి, ఒక చీమ మింగిన యాసిడ్ మిగతావాళ్లకూ కాపలా కాస్తుంది.

2024లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ ఫ్రాంక్ బృందం బయటపెట్టిన సంగతి దీనికన్నా ఆశ్చర్యం. కాంపోనోటస్ ఫ్లోరిడానస్ చీమలు గాయపడ్డ తోటి చీమల కాళ్లు తీసేస్తాయి. అదీ గాయం ఎక్కడుందో చూసి. తొడ భాగంలో గాయమైతే పుండును నాకి, ఆ పైన కాలు మొదట్లో కొరికి తెంచేస్తాయి. దానికి కనీసం 40 నిమిషాలు పడుతుంది. గాయపడ్డ చీమ కదలకుండా సహకరిస్తుంది. గాయం కాలి కింది భాగంలో అయితే తెంచవు, నాకి శుభ్రం చేసి ఊరుకుంటాయి. తొడ గాయాల్లో కాలు తీసేస్తే బతికేవి 90 శాతం పైమాటే, ఏ వైద్యమూ అందకపోతే 40 శాతం లోపు. కాబట్టి కుంటుతున్న చీమ చుట్టూ రెండు మూడు చేరి కొరుకుతుంటే కొట్టుకుంటున్నాయని విడదీయకండి. అక్కడ జరుగుతున్నది వైద్యం కావచ్చు.

పెంచేవాళ్లకు దీన్నుంచి తెలిసేది ఏమిటంటే, శుభ్రం విషయంలో మన పాత్ర చిన్నది. కాలనీ ఒక మూలను చెత్తకూ చచ్చిన చీమలకూ కేటాయించుకుంటుంది. గూటికి కలిపి, మేత పెట్టే బయటి పెట్టెలో ఉన్న ఆ మూలను అప్పుడప్పుడూ తుడిస్తే చాలు, గూడు తెరిచి కడగక్కర్లేదు. యాసిడ్‌తో ఒక ప్రమాదం మాత్రం ఉంది. గాలాడని చిన్న డబ్బాలో చీమలు బెదిరి యాసిడ్ చిమ్మితే, ఆ ఆవిరికి అవే చస్తాయి. ఒక గూట్లోంచి ఇంకో గూట్లోకి బలవంతంగా దులిపేవాళ్ల చేతిలో కాలనీలు ఇలా పోతుంటాయి. పాత ట్యూబ్‌కు వెలుతురు తగిలేలా పెట్టి, చీకటిగా ఉన్న కొత్త గూటిని దానికి కలిపి వదిలేస్తే వాటంతటవే మారతాయి. గంటలో మారొచ్చు, నెల తర్వాత మారొచ్చు. తొందరపెట్టకూడదు.

గూడు: ఎంత తడి, ఎంత వేడి

తడి ఎంత ఉండాలి, ఎన్ని డిగ్రీలు ఉండాలి అని అడిగితే ఒక అంకె చెప్పడం కష్టం. గుడ్లు, లార్వాలు తడి ఎక్కువ కోరతాయి, పట్టుగూళ్లకు కాస్త పొడి చోటు కావాలి. ఒకే కాలనీలో అన్నీ ఒకేసారి ఉంటాయి. అందుకని గూటికి ఒక చివర తడి, ఇంకో చివర పొడి. ఒక పక్క వెచ్చన, ఇంకో పక్క చల్లన ఉండేలా చూడాలి. ఎక్కడ ఏది పెట్టుకోవాలో నిర్ణయించుకోవడం వాటికి వదిలేయాలి. ఆ నిర్ణయం ఎంత కచ్చితమో దక్షిణ అమెరికాలోని కాంపోనోటస్ ముస్ అనే జాతి మీద 1989లో వచ్చిన పరిశోధన చూపించింది. ఆ శ్రామికులు పగటి నడిమి వేళ పిల్లల్ని సుమారు 30.8 డిగ్రీలున్న చోటికి, మళ్లీ చీకటి వేళ 27.5 డిగ్రీల చోటికి రోజూ మోసుకుపోయాయి. మనం థర్మోస్టాట్‌తో ఒకే డిగ్రీ పట్టి ఉంచడం కంటే, అవి ఎంచుకోగలిగేలా చూడటం మేలు.

వేడి పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. టెస్ట్ ట్యూబ్‌లో నీళ్లున్న చివరను వేడి చేయకూడదు. అక్కడున్న గాలి వ్యాకోచించి నీళ్లను దూదిలోంచి తోసేస్తే రాణి, గుడ్లు మునిగిపోతాయి.

కొత్తవాళ్లు పొరపడే ఇంకో చోటు గూటి సైజు. పది చీమలకు వంద గదుల గూడు ఇస్తే, ఖాళీ గదుల్లో చెత్త వేస్తాయి, అక్కడ బూజు పడుతుంది, తడీ వేడీ అదుపు తప్పుతాయి. ఇరవై ముప్పై చీమలయ్యేదాకా ట్యూబే చాలు. దానికి ఒక చిన్న పెట్టె కలిపితే మేతకు అక్కడికి వస్తాయి. ఆ తర్వాత ప్లాస్టర్, తేలికపాటి కాంక్రీట్ దిమ్మ, యాక్రిలిక్ లాంటివాటితో చేసిన గూళ్లు ఉన్నాయి. ప్లాస్టర్ తడిని బాగా పడుతుంది కానీ వడ్రంగి చీమల దవడలకు ఎక్కువ కాలం ఆగదు. యాక్రిలిక్‌ను తొలవలేవు కానీ అది తడిని పీల్చదు, తడి కోసం వేరే ఏర్పాటు ఉండాలి. నా ఓటు లోపల గట్టి పూత ఉన్న దిమ్మ గూటికి. ఇలా గాజు వెనక చీమల్ని ఉంచి చూడటం కొత్తదేమీ కాదు. 19వ శతాబ్దంలోనే ఇంగ్లండ్‌లో జాన్ లబ్బక్ రెండు గాజు పలకల మధ్య మట్టి పోసి చీమల్ని ఏళ్ల తరబడి పెంచాడు. ఫ్రాన్స్‌లో ఛార్లెస్ జానే ప్లాస్టర్ గూళ్లు చేశాడు. చీమలకు అతినీలలోహిత కాంతి తెలుస్తుందని కనిపెట్టింది లబ్బకే. ఎరుపు వాటికి సరిగ్గా కనిపించదు. అందుకే గూటి గాజు మీద ఎర్రటి ఫిల్మ్ అతికిస్తే మనకు చీమలు కనిపిస్తాయి, వాటికి మాత్రం దాదాపు చీకటిగానే ఉంటుంది.

పారిపోకుండా పెట్టె అంచు లోపలి వైపు జారుడు పూత వేయాలి. టెఫ్లాన్ ద్రవం, పారఫిన్ నూనె, ఆల్కహాల్‌లో కలిపి రాసిన టాల్కమ్ పొడి, ఏదైనా పనిచేస్తుంది. ఏదీ శాశ్వతం కాదు, చూసుకుంటూ మళ్లీ రాయాలి. ఒకటి రెండు శ్రామికులు తప్పించుకున్నా ఇంటి తలుపులకు ముప్పు లేదు. రాణి లేకుండా అవి కొత్త కాలనీ పెట్టలేవు.

చలికాలం, ఎదుగుదల, ఓపిక

ఫ్రిజ్ గొడవకు జవాబు జాతిని బట్టి ఉంటుంది. చలి దేశాల జాతులకు, ముఖ్యంగా ఐరోపాలోని హెర్క్యులియానస్, లిగ్నిపెర్డాలకు, చలికాలం ఒంట్లోని గడియారంలోనే ఉంది. బయట ఎంత వెచ్చగా ఉంచినా శరదృతువు నాటికి లార్వాలు ఎదగడం ఆపేస్తాయి, రాణి గుడ్లు ఆపేస్తుంది. అప్పుడు వాటికి 5 నుంచి 10 డిగ్రీల చల్లదనం మూడు నాలుగు నెలలు కావాలి. ఆ విశ్రాంతి లేకపోతే కాలనీ నీరసించి పోతుంది. ఉత్తర అమెరికా నల్ల వడ్రంగి చీమ కాంపోనోటస్ పెన్సిల్వానికస్‌కూ చలికాలం కావాలి. ఆగ్నేయాసియాలో ఉండే కాంపోనోటస్ నికోబరెన్సిస్ లాంటి ఉష్ణమండల జాతిని ఫ్రిజ్‌లో పెడితే మాత్రం చస్తుంది. రెండు పక్షాల వాళ్లూ నిజమే చెబుతున్నారు, చీమలే వేరు. రాణిని తెచ్చుకునే ముందు జాతి ఏమిటో తేల్చుకోవడం అందుకే అంత ముఖ్యం.

వీటి ఎదుగుదల నిదానం. మొదటి ఏడాది చివరికి పదీ ఇరవై చీమలుంటే ఆ కాలనీ బాగున్నట్టే. రెండో ఏడాది నుంచి ఊపందుకుంటుంది. కాలనీ పెద్దయ్యేకొద్దీ పెద్ద తల, బలమైన దవడలున్న శ్రామికులు కనిపించడం మొదలవుతుంది. అవీ అదే తల్లి పిల్లలే. పోషించే స్తోమత వచ్చాకే కాలనీ అంత ఖర్చుతో కూడిన పిల్లల్ని కంటుంది. పెన్సిల్వానికస్ పూర్తిగా ఎదిగితే రెండు మూడు వేలు ఉంటాయి, దానికి మూడు నుంచి ఆరేళ్లు పడుతుంది. రాణి పదేళ్లకు పైగా బతకగలదు. ఇల్లు మారినా, ఉద్యోగం మారినా ఈ కాలనీ మనతో రావాలి. కొనేముందు ఆలోచించాల్సింది ఇది.

నిదానం భరించలేక బయట దొరికిన అదే జాతి చీమల్ని తెచ్చి కలిపేవాళ్లున్నారు. అలా చేస్తే యుద్ధమే. ఒక్కో కాలనీకి ఒంటి మీది మైనపు పొరలో తనదైన వాసన ఉంటుంది. ఆ వాసన లేనిదాన్ని శత్రువుగానే చూస్తాయి. పట్టుగూళ్లలో ఉన్నవాటి సంగతి వేరు, బయటికొచ్చాక ఎక్కడుంటే అక్కడి వాసన నేర్చుకుంటాయి. అందుకే అదే జాతి పట్టుగూళ్లను చిన్న కాలనీ స్వీకరించే అవకాశం ఉంది. కానీ వాటికోసం ఆరోగ్యంగా ఉన్న ఇంకో గూటిని తవ్వి పాడుచేయడం నాకు నచ్చదు. రాణి కోసం గూడు తవ్వడమైతే అసలే తప్పు. ఎదిగిన కాలనీ తన రాణిని పోగొట్టుకుంటే మెల్లగా అంతరించిపోతుంది. జతకట్టే రోజుల్లో రెక్కలు రాల్చుకుని ఒంటరిగా నడుస్తున్న రాణిని తీసుకోవచ్చు. అలాంటివాటిలో చాలా తక్కువే బతికి కాలనీ పెడతాయి కాబట్టి నష్టం తక్కువ.

దూరదేశపు చీమల మోజు గురించి కూడా చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో కెన్యాలో ఇద్దరు బెల్జియం యువకుల దగ్గర సుమారు 5,000 రాణి చీమలు దొరికాయి. దూది పెట్టిన చిన్న చిన్న ట్యూబుల్లో సర్ది పెట్టారు. అవి గింజలు సేకరించే వేరే జాతి చీమలు, కానీ వాటిని కోరుకునే మార్కెట్ ఇదే హాబీది. మే నెలలో నైరోబీ కోర్టు వాళ్లకూ, అలాంటి కేసులోనే పట్టుబడ్డ మరో ఇద్దరికీ తలా 10 లక్షల కెన్యా షిల్లింగులు జరిమానా వేసింది, కట్టకపోతే ఏడాది జైలు అంది. అమెరికాలో రాణి చీమను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపాలన్నా వ్యవసాయ శాఖ అనుమతి కావాలి. కొత్త చోట పాతుకుపోయిన చీమలు అక్కడి జీవాలను ఎలా తుడిచిపెడతాయో చూశాకే ఇలాంటి నియమాలు వచ్చాయి. మన చుట్టుపక్కల ఉండే జాతినే ఎంచుకుంటే వాతావరణం చిక్కూ ఉండదు, చట్టం చిక్కూ ఉండదు.

ఎంత ప్రేమగా పెంచినా ఒక రోజు ఇక వీలుకాదనిపించవచ్చు. స్థానిక జాతి అయితే, రాణిని తీసుకున్న చోటి దగ్గరే తిరిగి వదలడానికి వీలుందేమో చూడాలి. పెంపకంలో ఇతర దేశాల చీమలతో కలిపి ఉంచితే అదీ వద్దు, వాటి మైట్లూ జబ్బులూ బయటికి పోతాయి. బయటి జాతి అయితే ఓపికున్న ఇంకొకరికి ఇవ్వాలి. తీసుకునేవాళ్లు దొరకకపోతే కాలనీ మొత్తాన్ని ఫ్రీజర్‌లో పెట్టాలి. చేతులు రావు, అయినా కిటికీలోంచి వదలడం కన్నా అదే సరైన పని. నాలుగైదేళ్లు నిండి రెక్కల చీమలు కనిపించడం మొదలుపెట్టిన కాలనీల విషయంలో మూతలు, జాలీలు మరింత గట్టిగా చూసుకోవాలి. అంతదాకా నడిచి పారిపోయే చీమలే ఉంటాయి, అప్పటి నుంచి ఎగిరేవీ ఉంటాయి.